టోపీ లేకుండా తొమ్మిదడుగులు

నేను ఒక టోపీని. మనుషుల నెత్తిన ఉండే రకం కాదు. ఒక కేరవాన్ పైకప్పు మీద ఏసీ యంత్రానికి కప్పి, నాలుగు స్క్రూలు బిగించిన తెల్లటి ప్లాస్టిక్ మూతని. కంపెనీ కాగితాల్లో నాకు పెద్ద పేరే ఉంది కానీ దాన్ని ఎవరూ చదవలేదు. ఏసీ బిగించిన మేస్త్రీ మొదటి రోజే నన్ను "టోపీ" అన్నాడు. ఆ ఒక్క మాట వల్లే ఇంతా జరిగింది. ఇంకా జరగవలసింది ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నదల్లా ఒక పగులు.

పుట్టింది ఊరి బయట ఒక కార్ఖానాలో. ప్లాస్టిక్ రేకుని ఆవిరి తగిలిన అప్పడంలా వాలిపోయేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేశారు. అందరూ ఊపిరి తీసుకుని పుడతారు. నాకు ఊపిరి లాగేశాకే ఆకారం వచ్చింది. అప్పుడే అనుమానించాల్సింది.

మొదటి మూడేళ్ళూ ఒక సినిమా హీరోగారి కేరవాన్ మీద ఉన్నాను. ఆయన కింద పద్దెనిమిది డిగ్రీల చలిలో దుప్పటి కప్పుకుని, ఎండలో షూటింగ్ ఎంత కష్టమో ఇంటర్వ్యూలు ఇచ్చేవారు. ఆ ఎండ మాత్రం నా మీద పడేది. ప్లాస్టిక్‌కి వయసు ముడతలతో తెలియదు. పైకి నున్నగానే ఉంటుంది, లోపల వేయించిన అప్పడం అయిపోతుంది. వేలితో నొక్కి చూస్తే తప్ప తెలియదు. పైకప్పు ఎక్కి నన్ను నొక్కి చూసేంత తీరిక ఎవరికుంది?

హీరోగారు ఇంకా పెద్ద బండి కొనుక్కున్నారు. నేను ఈ పాత బండితో సహా విశాఖపట్నంలో భానోజీరావుగారి ఇంటికి చేరాను.

భానోజీరావుగారు పాలిటెక్నిక్ కాలేజీలో సర్వే పాఠాలు చెబుతారు. అంటే నేలను కొలవడం నేర్పుతారు. నేలతో ఆగి ఉంటే బాగుండేది. ఆయన ఇంట్లో దోసె గరిటెకి ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలిచి గరిటె కాడ మీద రాశారు. గోడ మీది క్యాలెండరు అర అంగుళం వంగితే అన్నం సహించదు. ఆయన భార్య సుగుణకి పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఏ మాటకి ఎదురు చెప్పాలో, ఏ మాటకి పోపు మాడుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోవాలో ఆమెకి బాగా తెలుసు.

బండి వచ్చిన రోజు సాయంత్రం ఆయన కొలకర్ర తెచ్చి, నేల నుంచి పైకప్పు రేకు దాకా కొలిచారు. రేకు దగ్గర ఆగారు. ఆ పైన అడుగుమీద రెండు అంగుళాల ఎత్తున నేను కూర్చుని ఉన్నాను.

"ఆ టోపీతో కలిపి కొలవరా అండీ?" అంది సుగుణ.

"మనిషి ఎత్తు కొలిచేటప్పుడు టోపీ తీయిస్తారా లేదా?"

"తీయిస్తారు."

"మరి? బండి అంటే పైకప్పు దాకా. దాని పైనున్నది సామాను. ఇది సర్వేలో మొదటి పాఠం సుగుణా."

పోపు ఏమీ మాడటం లేదు. అయినా సుగుణ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఒక స్టిక్కరు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "ఎత్తు: తొమ్మిది అడుగులు" అని రాసి, స్టీరింగ్ ఎదురుగా ముందు అద్దానికి అంటించారు. అంత అందంగా రాసిన అబద్ధాన్ని నేను మళ్ళీ చూడలేదు. అబద్ధం అని కూడా అనలేం. టోపీ లేకుండా అది నిజమే.

ఆయన ఇంటి నుంచి ఊరు దాటాలంటే హార్బరు వెనక రైలు వంతెన కింద నుంచి పోవాలి. వంతెనకి పది గజాల ముందు, పెద్ద బళ్ళని ఆపడానికి, రెండు స్తంభాల మధ్య గొలుసులతో ఒక ఇనప గొట్టం వేలాడదీశారు. పక్కనే బోర్డు: పది అడుగులు.

మొదటి ప్రయాణంలో ఆయన బోర్డు చదివి, స్టిక్కరు చదివి, "ఇంకా అడుగు ఖాళీ" అన్నారు. నాకు గొట్టం కనిపిస్తోంది. దాని పొట్టలో తుప్పు కనిపిస్తోంది. అది సరిగ్గా నా నుదుటి ఎత్తులో ఉంది. బండి ఆగలేదు.

ఠంగ్ మంది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"కోతి గెంతి ఉంటుంది."

"ఇక్కడ కోతులెక్కడివండీ? ఎటు చూసినా ఎండుచేపలే కదా."

"అయితే కొబ్బరికాయ."

"చెట్టు?"

ఆయన రేడియో పెట్టారు.

గొట్టం ఊగి, నా వీపు మీద నుంచి గీసుకుంటూ వెనక్కి పోయింది. నా తెలుపు కొంత దానికి అంటింది. దాని తుప్పు కొంత నాకు అంటింది. నా ముందంచులో వెంట్రుకంత పగులు పుట్టింది. తిరుగు ప్రయాణం సుగుణ మొక్కు వల్ల సింహాచలం మీదుగా జరిగింది కాబట్టి సరిపోయింది.

పగులు నొప్పి పెట్టదు. నడుస్తుంది. బండి గతుకులో పడ్డ ప్రతిసారీ ఒక గింజంత. ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా, మధ్యాహ్నం ఎండకి ఉబ్బి సాయంత్రానికి ముడుచుకున్నప్పుడు ఇంకో గింజంత. నెల తిరిగేసరికి జానెడయింది. మొదటి వానకి నీళ్ళు నాలోంచి ఏసీలోకి, ఏసీలోంచి సుగుణ కలిపి పెట్టుకున్న ఇడ్లీ పిండిలోకి కారాయి. అప్పుడు గానీ నా గురించి ఇంట్లో చర్చ జరగలేదు. పిండి పాడైతే తప్ప పైకి చూడరు మనుషులు.

కొత్త టోపీ ఎక్కడా దొరకలేదు. ఆ కంపెనీ ఆ మోడలు మానేసిందట. చివరికి నన్ను నూకరాజు షెడ్డుకి తీసుకెళ్ళారు. నూకరాజు వేటపడవల ఫైబర్ పగుళ్ళు అతుకుతాడు. అతని షెడ్డు ఆ వంతెనకి ఇవతల రెండు వందల గజాల్లోనే ఉంటుంది.

నన్ను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, బొటనవేలితో పగులంతా తడిమాడు. డాక్టరు చెయ్యి కూడా అంత నెమ్మదిగా ఉండదు.

"దేనికి కొట్టుకుంది బాబూ ఇది?"

"కోతి గెంతింది" అన్నారు భానోజీరావుగారు.

నూకరాజు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఎర్రగా తుప్పు. "ఇనప కోతేటి బాబూ?"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎదర వంతెన కాడ గొట్టానికి తెల్ల రంగు అంటుకునుంది. నిన్న సూసినాను" అన్నాడు నూకరాజు, ఎటో చూస్తూ.

"ఆ దారిన వంద బళ్ళు పోతాయి. మనది తొమ్మిదడుగులు. అద్దం మీద రాసే ఉంది."

నూకరాజు డ్రిల్లు అందుకున్నాడు. పగులు ఆగిన చోట చిన్న బెజ్జం పెట్టాడు. "ఈ కన్నం లేకపోతే ఎంత అతికినా దీని దారిన ఇది నడిసిపోతాదమ్మా. కన్నం కాడికొచ్చి ఆగుతాది" అని సుగుణకి చెప్పాడు. నా కడుపులో పీచుగుడ్డ పరిచి జిగురు రసాయనం పూశాడు. "రేపు సాయంత్రం దాకా ముట్టుకోకండి. పైన ఎండినా లోన పచ్చిగుంటాది."

కానీ అరకు ప్రయాణం తెల్లారే. భానోజీరావుగారు సాయంత్రం వేలితో తాకి, "ఎండింది" అని తేల్చి, నన్ను మోసుకెళ్ళి బిగించారు. నాలుగు స్క్రూల్లో ఒకటి దొరకలేదు. దాని బదులు బైండింగు వైరు చుట్టారు.

మర్నాడు ఉదయం సుగుణ తమ్ముడు ముకుందం కొత్త మోటార్ సైకిల్ మీద మా వెనకే బయలుదేరాడు. అతని భార్య వ్యాన్‌లో కూర్చుంది. నాలుగేళ్ళ కూతురు ఝాన్సీ మాత్రం తండ్రి ముందు పెట్రోలు ట్యాంకు మీదే కూర్చుంటానని మంకుపట్టు పట్టింది. నా వెనక నుంచి ఆ పిల్ల పాట వినిపిస్తూనే ఉంది.

వంతెన వచ్చింది. బోర్డు, స్టిక్కరు, "ఇంకా అడుగు ఖాళీ." నాకు ఈసారి ఏం జరుగుతుందో తెలుసు. గొట్టం అంచు సరిగ్గా పాత పగులులోకి దూరింది. పచ్చిగా ఉన్న అతుకు ఊడింది. మూడు స్క్రూలు ఒకటి తర్వాత ఒకటి, తర్వాత వైరు. నేను లేచాను.

ఎగరడం ఎలా ఉంటుందని నన్ను అడగకండి. కింద నా నీడ రోడ్డు మీద పరిగెత్తుతోంది. ఆ నీడ ముకుందం ముందు చక్రాన్ని దాటి, ట్యాంకు మీది పిల్ల గౌను మీద పడింది. ఝాన్సీ తలెత్తి నన్ను చూసి, రెండు చేతులూ చాచింది. గాలిపటం అనుకుంది.

గాలి నన్ను పక్కకి తోసింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. పిల్ల చెవికి మూరెడు దూరంలో దాటి, రోడ్డు పక్క రాళ్ళ మీద పడి వెల్లకిలా తిరిగాను. ముకుందం బ్రేకు వేసి జారాడు. పిల్ల మోకాలు చీరుకుంది. అంతే.

ఝాన్సీ తల్లి పిల్లని గుండెకి హత్తుకుని వదల్లేదు. ముకుందం మోటార్ సైకిల్‌ని రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. "బావా! మూరెడు! మూరెడు ఇటొస్తే పిల్ల పోయేది కదా!"

"నూకరాజు పని ఇది. అతుకు నిలవలేదు" అన్నారు భానోజీరావుగారు. మొహం పాలిపోయి ఉంది. భయపడలేదని కాదు. భయపడ్డప్పుడు కూడా ఆయన లెక్క తప్పదు, అదే ఇబ్బంది.

సుగుణ నడిచి వెళ్ళి ఆ గొట్టం కింద నిలబడి పైకి చూసింది. గొట్టం ఇంకా ఊగుతోంది. దాని మీద రెండు తెల్ల గీతలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది.

నన్ను మళ్ళీ నూకరాజు షెడ్డుకే చేర్చారు. ఈసారి బాగుచేయడానికి కాదు. నా మీద మైనం పూసి, నా ఆకారంతో అచ్చు తీసి, ఆ అచ్చులో ఫైబర్‌తో కొత్త టోపీ పోశాడు. నా పగులుని మైనంతో పూడ్చాడు కానీ పూర్తిగా పూడలేదు. కొత్తవాడి నుదుటి మీద అదే చోట, అదే వంకరతో సన్నటి గీత వచ్చింది.

"ఇదేంటి నూకరాజూ, ఈ గీత?" అంది సుగుణ.

"తల్లి పోలికమ్మా" అని నవ్వాడతను. నాకు నవ్వు రాలేదు. ఫైబర్ మందం వల్ల కొత్తవాడు నాకంటే అర అంగుళం ఎత్తు కూడా.

కొత్తవాడిని బండికి బిగించాక, భానోజీరావుగారు టీకి వెళ్ళినప్పుడు సుగుణ చేతిసంచీలోంచి బ్లౌజులు కొలిచే టేపు తీసింది. నూకరాజు నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని పైకెక్కి టోపీ నడినెత్తి నుంచి టేపు వదిలింది. కిందికి అందకపోతే మధ్యలో బొట్టుబిళ్ళ అంటించి గుర్తు పెట్టుకుని మళ్ళీ కొలిచింది. పది అడుగుల రెండున్నర అంగుళాలు. రాయడానికి పెన్ను లేదు. జాగ్రత్తకి ఇంకో అర అంగుళం కలిపి, కళ్ళకి దిద్దుకునే కాటుక పెన్సిల్‌తో, ముందు అద్దం మీద ఆ స్టిక్కరు కిందే రాసింది: "టోపీతో పదింబావు."

ఆగిపోయిన అరకు ప్రయాణం ఆ రోజే. నేను షెడ్డు వాకిట్లో వెల్లకిలా పడి చూస్తున్నాను. బండి వంతెన వైపు వెళ్ళింది. గొట్టానికి నాలుగు గజాల ఇవతల ఉన్నట్టుండి ఆగింది. సుగుణ దిగి రోడ్డుకి అడ్డంగా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోకుండా ఉండటం అదే మొదటిసారి. రోడ్డు మీద వంటిల్లు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

భానోజీరావుగారు దిగారు. పైకి చూశారు. గొట్టం కొత్తవాడి నుదురు కంటే కిందికి ఉంది. తర్వాత ఆయన గొంతు నా దాకా వినిపించింది.

"గొట్టం కిందికి దిగింది సుగుణా. ఎండకి ఇనుము వ్యాకోచిస్తుంది. గొలుసులు సాగాయి."

బండి వెనక్కి తిరిగి, బైపాసు దారి పట్టింది. ఝాన్సీ ఈసారి తండ్రితో వెనక రావడం లేదు, వ్యాన్‌లో సుగుణ ఒళ్ళోనే ఉంది. ఆ పూటకి ఆమెకి అది చాలు.

ఇప్పుడు నేను నూకరాజు షెడ్డు పక్కన ఆకాశం వైపు నోరు తెరుచుకుని పడి ఉన్నాను. నాలో వాన నీళ్ళు నిలిస్తే కోళ్ళు తాగుతాయి. నూకరాజు పెట్టిన బెజ్జం వల్ల నీళ్ళు సగానికి మించి నిలవవు. వీధి ఇరుకని భానోజీరావుగారు బండిని కూడా ఇక్కడే రేకుల నీడలో పెడుతున్నారు. కొత్తవాడు పైన తెల్లగా మెరుస్తుంటాడు. మేం మాట్లాడుకోం. వాడికి ఎండ కొత్త.

ఈ ఉదయం భానోజీరావుగారు వచ్చారు. వెంట ఆయన కాలేజీలోనే పనిచేసే గవర్రాజు మాస్టారు. మూడు రోజులకి బండి అడిగారట. నూకరాజు జెట్టీ మీద పడవ పనికి పోయాడు. సుగుణ చెల్లెలి సీమంతానికి పోయింది. ఒకరికి ఇచ్చే వస్తువు శుభ్రంగా ఉండాలి కాబట్టి, భానోజీరావుగారు తడిగుడ్డ పిండి ముందు అద్దం తుడిచారు. పై నుంచి కిందికి, మూల మూలా, ఎంతో శ్రద్ధగా. స్టిక్కరు తళతళలాడింది. కాటుక గుడ్డకి అంటుకుంది. ఆయన గుడ్డ వైపు చూశారు, బొగ్గుమసి అనుకున్నారో ఏమో, నా నీళ్ళలోనే జాడించి ఆరేశారు.

"సామానంతా సర్దేశాం మాస్టారూ. మా తమ్ముడు వెనక స్కూటర్ మీద వస్తాడు, పిల్లల్ని ముందు నించోబెట్టుకుని. వాళ్ళకి గాలి కావాలట" అన్నారు గవర్రాజుగారు, తాళాలు అందుకుంటూ. "అన్నట్టు, వంతెన కింద నుంచి పోవచ్చా? బండి ఎత్తు ఎంత?"

బండి స్టార్టయింది. నాలో నీళ్ళు సన్నగా వణికాయి.

"చూసుకోండి" అన్నారు భానోజీరావుగారు. "అద్దం మీద రాసే ఉంది."