తలుపు అవతల హారియట్

గుడిలో పొయ్యి రాజేయాలి. తలుపు గొళ్లానికి పేరుకున్న మంచు చెక్కాలి. మూస్ దుప్పి మాంసం కూర, పెనం మీద కాల్చిన బానక్ రొట్టెలు ఊరందరికీ సరిపోవాలి. విమానంలో వచ్చే బిషప్పులకు మందపాటి బూట్లు వెతకాలి. వాళ్లెప్పుడూ పల్చటివే వేసుకొస్తారు. అన్నిటికంటే ముందు మా ఊరి పెద్దామె హారియట్‌ అమ్మమ్మను ఒప్పించాలి.

బిషప్పులకు పెద్దగా వచ్చే కొత్త ఆర్చిబిషప్, పదవి చేపట్టే రోజున, మూసి ఉన్న గుడి తలుపును బయటి నుంచి చేతికర్రతో తట్టాలి, లోపలివాళ్లు తీయాలి. అది ఆంగ్లికన్ క్రైస్తవుల ఆచారం. ఎప్పుడూ నగరంలోని పెద్ద గుడిలోనే జరుగుతుంది. ఈసారి ఆ పదవికి ఎన్నికైన సైలస్ తాత ఒప్పుకోలేదు. "మన ఊళ్లోనే. హారియట్ తీస్తేనే నేను ఆర్చిబిషప్‌ని," అన్నాడు. వలలు పక్కనపెట్టి పాస్టరై, మంచుబండి మీద ఊరూరా తిరిగి పెళ్లిళ్లు చేసి, సమాధులు తవ్వి, మా క్రీ ఆదివాసీ జనంలో ఆ పదవికి చేరిన మొదటి మనిషి ఆయన. నేను ఆయన కార్యదర్శిని, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని.

హారియట్ తమ్ముడు చిన్నప్పుడే మా చర్చి సంఘం నడిపిన హాస్టలు బడిలో చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె గుడి గడప తొక్కలేదు.

"వస్తాను. తీస్తానని మాత్రం చెప్పను," అంది నాతో.

సంఘం లాయరు ముందే తాతను హెచ్చరించాడు. "'కొందరు పిల్లలు' అని మాత్రమే అని ఊరుకోండి. పేరు చెబితే తప్పు ఒప్పుకున్నట్టే. బడి పిల్లల కేసు కోర్టులో ఓడిపోతాం."

ఆ ఉదయం హారియట్ వచ్చి, బిషప్పులతో పాటు గుడి లోపల ఉంది. బయట తాత తలుపు తట్టాడు. గొళ్లెం కదల్లేదు. మళ్లీ తట్టాడు.

"ఎవర్రా?"

"నేనక్కా, సైలస్‌ని."

"తెలుసులే. మా తమ్ముడి పేరేంట్రా?"

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే లాయరు చటుక్కున తాత చెయ్యి పట్టుకున్నాడు. "వద్దండీ."

"చలేస్తే వెళ్లి విమానంలో కూర్చోండి," అని తాత చెయ్యి విడిపించుకున్నాడు.

"ఈనోస్. ఆ హాస్టలు బడిలో జ్వరంతో పోయాడు. వైద్యం చేయించలేదు. ఎక్కడ పాతిపెట్టారో మీ అమ్మకు చెప్పలేదు. చేసింది మా సంఘం. ఇవాళ దానికి పెద్దను నేను. జవాబు నేనే చెప్పాలి."

"ఇంగ్లీషులో కూడా చెప్పు. ఇక్కడ కూర్చున్న బిషప్పులకు మన క్రీ మాట రాదు."

తాత ఇంగ్లీషులో, ఇంకా గట్టిగా చెప్పాడు. గొళ్లెం కదిలింది.

"బూట్లు దులుపుకుని రా," అంది హారియట్.

ఆర్చిబిషప్‌ల పేర్లు నగరంలో గుడి గోడ మీద చెక్కుతారు. తాత పేరు అక్కడ ఉంటుంది. ఈనోస్‌కు ఏ గోడా లేదు. పోయేనాటికి ఎనిమిదేళ్లవాడు. దయచేసి అతని పేరు గుర్తుపెట్టుకోండి.