చిక్కటి నూనె

ఎనభై మూడులో నా మొగుడు మొగులయ్య పోయాక, కామాటిపుర పదకొండో గల్లీలోని మా ఇంజన్ల దుకాణం ఎవరిదన్న తగువు మొదలైంది. పన్నెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని కార్బురేటర్లు విప్పి కడిగినదాన్ని నేను. అయినా కులపెద్ద వెంకటయ్య దాన్ని మా మరిది గంగారాం చేతిలో పెట్టాడు. ఒక నెల నడిపి చూడనీ, వాడికి చేతకాకపోతే యాదమ్మకే, అంటే నాకే, ఇద్దామన్నాడు. మగవాళ్ళు చాలనప్పుడు గానీ ఆడది గుర్తుకు రాదు వీళ్ళకు.

గంగారాం ఇరవై ఏళ్ళు బిల్డింగుల మీద సిమెంటు మాలు కలిపినవాడు. ఇంజనంటే వాడికి మోత చేసే ఇనుము, అంతే. నెల తిరక్కుండా చతికిలపడతాడని నాకు తెలుసు. సిగ్గెందుకు, ఎదురుచూశాను కూడా.

ఇరవయ్యో రోజున తుకారాం అనే కోలీ జాలరి మాజ్‌గావ్ రేవు నుంచి తన పడవ మోటారు మోసుకొచ్చాడు. పడవ వెనక తగిలించే రకం, పెట్రోల్లోనే నూనె కలిపి పోసేది. అప్పటికి మూడోసారి. సముద్రంలో జోరుగా పోతున్నంతసేపూ బాగుంటుందట, రేవులోకి వచ్చి వేగం తగ్గించగానే ఆగిపోతుందట. మొన్న అలా ఆగినప్పుడు అలలు పడవను రాతిగట్టుకేసి కొట్టి, అతని తమ్ముడి చెయ్యి విరిగింది.

గంగారాం మోటారును నీళ్ళ పీపాలో దించి తాడు లాగాడు. హోరుమని తిరిగింది. వేగం తగ్గించగానే దగ్గి ఆగిపోయింది. పెట్రోల్లో ఇంకొంచెం నూనె పొయ్యమని, ఇంజనుకు బలం చాలట్లేదని చెప్పి, వాడు టీ తాగడానికి ఫోరస్ రోడ్డుకు పోయాడు. ఆ ఇంకొంచెం ఎంతో తుకారాంను అడిగాను. మొదటిసారి రెండింతలు పొయ్యమన్నాడట, రెండోసారి మూడింతలు. మాలు చిక్కగా కలిపితే గోడ గట్టిగా నిలుస్తుంది కదా, ఇంజనూ అంతేననుకున్నాడు మా మరిది.

నేను ఊరుకుంటే చాలు. మోటారు మళ్ళీ ఆగుతుంది, తుకారాం వచ్చి గల్లీ అంతా వినేలా తిడతాడు, దుకాణం నాదవుతుంది. కానీ ఆ పడవలో ముగ్గురు మనుషులు వెళ్తారు. ఈసారి విరిగేది చెయ్యేనని ఏముంది? నా మీద నాకే ఒళ్ళు మండింది. లేచి పానా తీసుకున్నాను.

ప్లగ్గు నల్లగా, జిడ్డోడుతూ ఉంది. జోరు మీద ఉన్నప్పుడు ఆ వేడికి నూనె కాలిపోతుంది, నెమ్మదించగానే పేరుకుని నిప్పురవ్వ పుట్టనివ్వదు. కార్బురేటరులో నెమ్మది వేగానికి పెట్రోలు అందించే సన్నటి రంధ్రం కూడా పూడిపోయింది. తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుందని మొగులయ్య పళ్ళ బ్రష్షు పోగు వాడేవాడు. నేనూ అలాగే చేశాను. కొత్త ప్లగ్గు వేసి, పాత పెట్రోలు తీసేసి, లీటరుకు నలభై మిల్లీ నూనె, చుక్క ఎక్కువ కాకుండా కలిపాను. పీపాలో అరగంట నెమ్మదిగా తిరిగింది, ఒక్కసారీ ఆగలేదు. తుకారాం చేతులు జోడించాడు.

నెల నిండిన ఆదివారం మేముండే చాల్ వరండాలో పంచాయితీ కూర్చుంది. తుకారాం తనంతట తానే వచ్చి, మోటారు బాగుచేసింది గంగారాం కాదని, నన్ను చూపించి ఈ బాయేనని, నూనె తప్పు పట్టుకున్నదీ ఆమేనని అందరి ముందూ చెప్పాడు. గంగారాం తల దించుకున్నాడు. నాకు సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వెంకటయ్య కూడా సంతోషంగానే తలూపాడు. "ఇంకేమున్నది యాదమ్మా. నీకు పనొస్తది, దుకాణం నడుస్తది. నువ్వు లోపట కూసొని పని చెయ్యి, గంగారాం ముందట కూసుంటడు. ఇంట్ల మొగోడు ఉండంగ ఆడదాని పేర దుకాణం జేస్తే నలుగురు నవ్వరా?"

"వానికి చాతగాకుంటె నాకిస్తనంటివి గద, పెద్దయ్యా."

"దుకాణం మూతపడితె ఇస్తనన్న. నువ్వు మూతపడనియ్యలె గద."

మర్నాడు పొద్దున గంగారాం ఒక పంపు ఇంజను తెచ్చి నా ముందు పెట్టి, సాయంత్రానికి కావాలన్నాడు. విప్పాను.

ఆ మోటారును ఆగిపోనివ్వాల్సిందని రోజూ అనుకుంటాను. రేపు అలాంటిదే ఇంకొకటి వస్తే మళ్ళీ బాగుచేస్తాను, ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకూ తెలుసు.