పిడుల్లేని కుర్చీలు

మా కళ్ళముందే తోశాడు. పొద్దున షిఫ్టు సైరన్ ఇంకా ఆగలేదు. వాచ్‌మన్ బ్రేకును కాలితో తన్ని, పిన్ని చక్రాల కుర్చీ వెనక పిడులు రెండూ పట్టుకున్నాడు. "కాంట్రాక్టరుగారి ఆర్డరు, నన్నేం చెయ్యమంటావ్?" అంటూనే రోడ్డు మీదికి నెట్టాడు. వెనక్కి వస్తున్న లారీకి అంత తక్కువ ఎత్తులో ఉన్న మనిషి కనపడలేదు. ఎముకలు విరిగిన చప్పుడు మాకు వినపడింది. పావుగంటలో నీళ్ళు కొట్టించి ఆ రక్తాన్ని కడిగించాడు కాంట్రాక్టరు. లోడు ఆలస్యమవుతుందట!

పిన్ని మాలో ఎవరికీ సొంత పిన్ని కాదు, అందుకే అందరికీ పిన్ని. మోటార్లకు రాగితీగ చుట్టే మా షెడ్డులో అందరికంటే పాత మనిషి. మేం పదకొండు మందిమి. అందరం ఒకప్పుడు పక్క షెడ్డులో రేకులు కొట్టే ప్రెస్సుల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ళమే. ప్రెస్సు కొందరి కాళ్ళు తీసుకుంది, మీద పడిన రేకుల కట్టలు కొందరి నడుములు విరిచాయి. "పదకొండు మందికీ కలిపి పనికొచ్చే కాళ్ళు రెండు, అవీ ఒకళ్ళవి కావు" అని పిన్నే నవ్వించేది.

పక్క గేటు దగ్గర మాకో సిమెంటు ర్యాంపు ఉండేది. ఎవరి చక్రాలు వాళ్ళం తిప్పుకుంటూ, ఎవరి దయా అక్కర్లేకుండా లోపలికి పోయేవాళ్ళం. కాంట్రాక్టరు దాన్ని పగలగొట్టి సరుకు ఎక్కించే అరుగు కట్టాడు. "లారీల గేటు నుంచి రండి" అన్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వారం రోజులు అలాగే వచ్చాం. ఎనిమిదో రోజు పిన్ని పాత ర్యాంపు ఉన్నచోట బ్రేకు వేసి కూర్చుంది. "ర్యాంపు కట్టేదాకా కదలను" అంది. కదిలించారు.

ఆ మధ్యాహ్నం మిషన్లు ఆపేసి మీటింగు పెట్టుకున్నాం. ప్రెస్సు వాళ్ళు కొందరు తలుపు దగ్గర నిలబడ్డారు. యూనియన్ సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"బ్రేకు సరిగ్గా వేసుకోలేదని రిపోర్టు రాసేశారు. మనం ఒక వినతిపత్రం..."

"ఎవరికిస్తావ్? నెట్టినోడికా, నెట్టించినోడికా?" అన్నాను.

"ఆవేశపడితే పనులవుతాయా తమ్ముడూ?"

"పడకపోతే పిన్ని లేచొస్తుందా?"

మూల నిలబడిన వెల్డర్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మా కుర్చీలన్నీ బాగుచేసేది అతనే. "ఆ పిడులు నేనే పెట్టానన్నా" అన్నాడు. "వద్దురా, పిడి ఉంటే ఎవడు పడితే వాడు పట్టుకుంటాడు అంది పిన్ని. చేతులు నొప్పెడితే ఎవరో ఒకరు సాయం పడతార్లే అని నేనే బలవంతంగా అతికించాను."

బస్టాపులో, ఆసుపత్రిలో, బజారులో మమ్మల్ని అడక్కుండా పట్టుకుని పక్కకి నెట్టేసిన చేతులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఒళ్ళు మండిపోయింది.

"నా పిడులు కోసెయ్" అన్నాను.

"పిచ్చెక్కిందా?" అన్నాడు లెక్చరర్. చదివింది ఐదో తరగతే, మాట్లాడేది మాత్రం గంటలకొద్దీ. అందుకే ఆ పేరు. "మా వీధి ఎంత ఎత్తో తెలుసా? రేపు నేను ఇంటికెలా పోవాలి? కోపంలో ముక్కు కోసుకుంటే మళ్ళీ అతుక్కుంటుందా?"

అతనిదీ నిజమే. అదే భయం నాకూ ఉంది. మా వీధి ఎత్తు మీద రోజూ నన్ను తోసేది నా భార్యే. ప్రెస్సు పని చేస్తుంది. తలుపు దగ్గర్నుంచే అరిచింది.

"కొయ్యి తమ్ముడూ! ఎత్తు దగ్గర ఈయన నడుం పట్టుకునైనా లాక్కుపోతాను. లారీ కింద వెతుక్కోవడం మాత్రం నావల్ల కాదు."

రంపం ముందు నా కుర్చీ మీదే పడింది. లెక్చరర్ అందరికంటే ఆఖరున కళ్ళు మూసుకుని, "మెల్లగా కోయరా, ఇనుమే అయినా నొప్పెడుతోంది" అన్నాడు. పని అయ్యాక వెల్డర్ రంపాన్ని సంచిలో వేసుకున్నాడు. "పిన్ని పేరు చెప్పి ఇంకా కొన్ని ఇళ్ళకి పోవాలి" అంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పదిమందిమీ లారీల గేటుకు అడ్డంగా నిలిచాం. బ్రేకులు వేసి, చక్రానికి చక్రాన్ని మేం చుట్టే రాగితీగతోనే పేటలు పేటలుగా బిగించుకున్నాం. లారీలు ఆగిపోయాయి. గంటలో పోలీసు వ్యాను వచ్చింది.

"తోసెయ్యండ్రా పక్కకి" అన్నాడు ఎస్సై.

కానిస్టేబుళ్ళు మా వెనక్కి వచ్చి చేతులు చాపారు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకాయన నా వీపంతా తడిమాడు.

"ఏంటి బాబాయ్, పిడి వెతుకుతున్నావా?" అన్నాను.

గేటు లోపల ప్రెస్సు వాళ్ళు గొల్లున నవ్వారు. ఎస్సై మొహం కందిపోయింది.

లాఠీలు మా కాళ్ళ మీద పడలేదు. చేతుల మీద పడ్డాయి. మా చేతులే మా కాళ్ళని వాళ్ళకి బాగా తెలుసు. నా కుడిచేతి వేళ్ళు మూడు చక్రం మీదే చితికాయి. లెక్చరర్ నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారుతుంటే, "చక్రం వదలొద్దురా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ తీగ తెంచడం చేతకాక, మమ్మల్ని చంకల కింద పట్టి లాగి మూటల్లా వ్యానులోకి విసిరారు.

వ్యాను నేల మీద పడి ఉన్నాను. కిటికీ జాలీని ఎడమచేత్తో పట్టుకుని తల ఎత్తాను. ఏదో తేడాగా అనిపించింది. ప్రెస్సుల మోత లేదు! గేటు తాళం తీసింది వాచ్‌మనే. అతన్ని ఎవరూ క్షమించలేదు, ఎవరూ ఆపలేదు. వందలమంది బయటికి దూసుకొచ్చారు. కాంట్రాక్టరు కారు బోర్లాపడి మండుతోంది. అతను రక్తం కారుతున్న తల పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తాడు. ర్యాంపు చోట కట్టిన అరుగు మీద మొదటి గునపం పోటు నా భార్యదే.

వ్యాను కదిలి, మలుపు దగ్గర ఠక్కున ఆగింది. ఎదురుగా రోడ్డు నిండా చక్రాల కుర్చీలు. రెండో షిఫ్టు వాళ్ళు, ప్యాకింగ్ షెడ్డు వాళ్ళు, నేనెప్పుడూ చూడని వాళ్ళు.

"తోసెయ్యండి!" అని కేక పెట్టాడు ఎస్సై.

కానిస్టేబుళ్ళు దిగి వాళ్ళ వెనక్కి వెళ్ళారు. కొత్తగా కోసిన గొట్టాల చివర్లు ఎండలో మెరుస్తున్నాయి. లెక్చరర్ నోట్లో రక్తం ఉమ్మేసి, జాలీలోంచి చూశాడు.

"పాపం బాబాయిలు, మళ్ళీ వెతుకుతున్నార్రా" అన్నాడు.