గొడుగు మీద పడని పసుపు

రేడియోలో వార్తలు చదివి రిటైరైన నాన్నకి పక్షవాతం తర్వాత మాట మిగిలింది గానీ చదవడం పోయింది. అక్షరాలు తెలిసినట్టే ఉంటాయి, పలకబోతే జారిపోతాయి. ప్రోగ్రామర్‌గా పనిచేసే కూతురు ఆయన కోసం ఒక ప్రోగ్రాము తయారుచేసింది. బటన్ నొక్కితే కంప్యూటర్ ఒక మాట పలుకుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే వెతుకుడు సూత్రంతో ఆ మాట పేరాలో ఎక్కడుందో వెతికి, దాని మీద పసుపు రంగు పూస్తుంది. ఆయన దాన్ని చూసి చదవాలి.

నాన్న శ్రద్ధగా మొదలుపెట్టాడు. తెర మీద “వాన తగ్గాక పిల్ల గొడుగు మూసింది. ఎండ మెరిసింది” అని ఉంది. కంప్యూటర్ “గొడుగు” అంది. ఆయన పసుపు మీద వేలుపెట్టి, “గొడుగు” అన్నాడు.

“అది ఎండ కదండీ!” అంది అమ్మ.

ఆయన ముఖం పాలిపోయింది. “చెవికొకటి, కంటికొకటి. నా బుర్రే తిరిగిపోయినట్టుంది” అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పిలిచినా రాలేదు.

కొన్నాళ్లు అక్షరాలు తికమక పెడతాయని డాక్టరు ముందే చెప్పాడు. కూతురూ అదే అనుకుంది. అయినా మనసొప్పక, ఆయన కుర్చీలో కూర్చుని తనే బటన్ నొక్కింది. “గొడుగు” అని వినిపించింది. పసుపు వెళ్లి ఎండ మీద, దాని పక్క మాటలో మొదటి అక్షరం మీద పడింది.

మాటేమో సరిగ్గానే దొరికింది. దాని ముందు పదిహేడు అక్షరాలున్నాయని ప్రోగ్రాము చెబుతోంది. ఖాళీలతో సహా వేలితో లెక్కపెడితే గొడుగు ముందు పదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. పదే! ఏడు తీసేసి చూస్తే ఈ వాక్యంలో పసుపు గొడుగు దగ్గరే మొదలైంది, తర్వాతి వాక్యంలో ఇంకా ఘోరంగా తప్పింది. తనకీ మతి పోతోందా అనిపించింది.

చివరికి “తగ్గాక” దగ్గర ఆగి, కంప్యూటర్‌కి ఆ మాట ఎలా కనిపిస్తుందో విడదీసి చూసింది. మన కంటికి “గ్గా” ఒక్క అక్షరం. దానికి మాత్రం ఒక గ, వత్తు కలిపే గుర్తు, ఇంకో గ, దీర్ఘం: నాలుగు. వెతికే భాగం ఆ ముక్కల్ని లెక్కపెడుతోంది, రంగు పూసే భాగం నిండు అక్షరాల్ని.

రెండూ ఒకే లెక్కకి వచ్చేలా దిద్ది, నాన్నని బతిమాలి తెచ్చింది. “తప్పు నీది కాదు నాన్నా, మిషన్‌ది.”

ఆయన నమ్మలేనట్టు చూశాడు. “మరి ఎండని చూసి గొడుగని చదివింది నేనే కదమ్మా? అది ఎవరి తప్పు?”

అందులో మిషన్ తప్పెంతో, ఆయన జబ్బెంతో ఆమెకీ తెలియదు.

నాన్న బటన్ జోలికి పోలేదు. “నువ్వు పక్కనే ఉండు” అని, వాక్యం మొదటి నుంచి కూడబలుక్కుంటూ చదవసాగాడు. “మెరిసింది” దగ్గర చిక్కుకుపోయి, తెర వంక కాకుండా కూతురి వంక చూశాడు.

“మె...” అని అందించిందామె.