ముగ్గురి మాట

బరువా? సున్నా. మీ తాత తూకం మిషన్ ఎక్కితే ముల్లు ఉన్నచోటే ఉంది.

బస్టాండులో ఉండేదిలే ఆ మిషన్. దాని పక్కనే కూర్చుని ఆయన గొడుగులు బాగుచేసేవాడు. పొద్దున్నే జనం ఎక్కడం, తమకు తెలిసింది చెప్పడం, దిగడం. ఏ కుళాయికి నీళ్లెప్పుడొస్తాయి, ఏ కుక్క కరుస్తుంది, ఏ బస్సు చెయ్యెత్తినా ఆగదు, ఇవే. ఒకే మాట ముగ్గురు చెబితే మిషన్ నమ్మేది. తర్వాత ఎవరడిగినా చీటీ మీద అచ్చేసి ఇచ్చేది. నాకు చదువు లేదుగా, సెలూన్ తమ్ముడు చదివి పెట్టేవాడు. ఒకావిడ కూతురికొచ్చిన సంబంధం గురించి అడిగితే, "ఇద్దరు మంచోడన్నారు. మూడోవాళ్లు ఇంకా నోరు విప్పలేదు, ఆగు" అని వచ్చింది. ఆవిడ ఆగింది కూడా.

ఒకసారి ఈయన మీ అమ్మ దగ్గరికెళ్లి నాలుగు రోజులుండిపోయాడు. గొడుగులిచ్చినవాళ్లు వచ్చి అడుగుతుంటే సెలూన్ తమ్ముడు మిషనెక్కి, "గొడుగులాయన పోయాడు" అని చెప్పాడు. టీ కొట్టు చెల్లెమ్మా అదే చెప్పింది. ఊరికి పోయాడని వాళ్ల ఉద్దేశం. మూడోది నేనే. నాకు చెప్పకుండా వెళ్లాడన్న మంటలో, "పోయాడు, పీడా వదిలింది" అన్నా.

తిరిగొచ్చి ఎక్కాడు. చీటీ వచ్చింది. "పోయినవాళ్లకి తూకం ఉండదు. ముగ్గురు చెప్పారు. పీడా వదిలిందని ఒకరు."

"ఆ ఒకరెవరో నాకు తెలుసులేవే" అన్నాడు.

అప్పట్నించీ గొడుగు విప్పి చూస్తే చాలు, గొడుగుతో పాటు పైకి లేచేవాడు. ఓసారి టీ కొట్టు రేకుల మీద తేలాడు.

"దిగండన్నయ్యా, టీ చల్లారిపోతోంది" అంది చెల్లెమ్మ.

ముగ్గురం మళ్లీ ఎక్కి "ఉన్నాడు" అన్నాం. యాభై రెండు కేజీలు! మర్నాడు మళ్లీ సున్నా. మిషన్ని అడిగితే, పోయాడని ఒక్కసారి చెబితే చాలంట, ఉన్నాడని మాత్రం రోజూ చెప్పాలంట. సరే, రోజూ చెప్పాం. ఆరేళ్లు చెప్పాం. జ్వరమొచ్చినా, వానొచ్చినా, సెలూన్ తమ్ముడి పెళ్లిరోజైనా సరే.

తర్వాత ఆయన మంచాన పడ్డాడు. డాక్టరు వారం రోజులన్నాడు. మేం ఉన్నాడంటూనే ఉన్నాం. వారం కాస్తా ఏడాదిన్నరైంది. డాక్టరే సిగ్గుపడుతూ వెళ్లి మిషన్ని అడిగొచ్చాడు. "ఉన్నాడు" అనే చీటీ ఇచ్చింది. ఉండటమైతే ఉన్నాడు గానీ, గుటక దిగేది కాదు, నొప్పికి పక్కకి ఒత్తిగిలలేకపోయేవాడు.

ఒకరోజు నేను చెప్పులేసుకుంటుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ వెళ్లకే."

"వెళ్లకపోతే ఇద్దరే అవుతారయ్యా."

"అవనీ. రోజూ నా గురించి ఆ మిషన్‌తో మాట్లాడతావు. ఓ పూట నాతో మాట్లాడు."

చెప్పులు విడిచేశా. పెళ్లైనప్పటి నుంచీ పడ్డ తగవులన్నీ వరసగా మళ్లీ పడ్డాం. అన్నిట్లోనూ తనే గెలిచానన్నాడు. ఒక్కదానికీ ఒప్పుకోలేదు నేను. నవ్వాడు.

తెల్లారేసరికి ఆయన లేడు.