పాపం అనకుండ్రి

మందమర్రి గని క్వార్టర్లలో ఆ వరుసకంతా ఒకటే నల్లా. చుట్టూ పాచి పట్టిన బండ, దాని మీద ఎవరో ఉమ్మిన తమలపాకు ఎరుపు, మసి బట్టలు పిండిన నల్లనీళ్లు. బాలలక్ష్మి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని, అక్కడున్న వాళ్లందరినీ మనసులో తిట్టుకుంటూ నిలబడేది. వరంగల్ కాలేజీలో చదివి, గని ఆఫీసు గుమాస్తాను పెళ్లాడి వచ్చిన మనిషి. తిట్లు నోటి దాకా రావు కాబట్టి తాను మర్యాదస్తురాలిననే అనుకునేది.

ఆ ఉదయం నల్లా దగ్గర మాటలన్నీ నల్లాకు ఎదురింటి దేవవ్వ గురించే. దేవవ్వ బాలింత. మొగుడు వెంకటి పొద్దుటి షిఫ్టుకు గనిలోకి దిగాడు. ఆమెకు ఒక రొమ్ము గడ్డకట్టి చీము పట్టింది. పాలివ్వలేకపోతోంది. పసివాడి ఏడుపు నల్లా దాకా వినిపిస్తోంది.

"పాపం, రాత్రి సంది గట్లనే ఒర్లుతుండు పోరడు," అంది శంకరవ్వ బిందె తోముతూ.

"పాపం, వాసన సుత కొడుతున్నది," అంది గంగుబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని. "దవాఖానకు తోలుకపోరాదే, పక్కింటిదానివి."

"పురుడెల్లలేదాయె, ఎట్ల ముట్టుకుంట? ఇల్లంత కడుక్కోవాలె. నువ్వు పో."

"నేనా? మా ఇంట్ల ఇయ్యాల బోనం ఉన్నది!"

ఇద్దరూ నవ్వారు. బాలలక్ష్మి ఆ నవ్వు చూడలేక మొహం తిప్పుకుంది. 'ఒళ్లు శుభ్రంగా ఉంచుకోకపోతే చీము పట్టదా మరి' అని తానూ అప్పుడే అనుకుంది.

తలుపు తెరుచుకుంది. దేవవ్వ బిడ్డనెత్తుకొని, గోడ పట్టుకొని బయటికి వచ్చింది. "జర ఎవలన్న పోరనికి మేకపాలన్న పట్టుండ్రే," అంది.

ఆడవాళ్లు బిందెలతో సహా వెనక్కి జరిగారు. "పాపం, పాపం," అన్నారు.

"పాపం పాపం అనకుండ్రి!" దేవవ్వ అరిచింది. "నేనేం పాపం జేసిన? ఎవల కొంప ముంచిన?"

"అయ్యో పిచ్చిదానా, గా పాపం కాదే! నీ మీద జాలితోని అంటున్నం," అని శంకరవ్వ పకపకా నవ్వింది.

బాలలక్ష్మికి నవ్వు రాలేదు. వాళ్లు అన్నది ఒకటి, దేవవ్వకు వినిపించింది ఒకటి. కానీ బాలలక్ష్మి అనుకున్నది మాత్రం సరిగ్గా దేవవ్వకు వినిపించిందే. తప్పంతా ఆమె మీదనే వేసింది. ఆ మాట ఎవరూ నేర్పలేదు, తన బుర్రలోనే పుట్టింది. తన మీద తనకే రోత వేసింది.

బిందె దించి నడిచింది. దగ్గరికి వెళ్లగానే కుళ్లు వాసన గుప్పున కొట్టింది. ఊపిరి బిగబట్టి బిడ్డను తీసుకుంది. కింది గుడ్డ తడిసి, జిగటగా చేతికి అంటింది.

"నడువు, దవాఖానకు పోదాం."

"నాకు పురుడెల్లలేదమ్మా."

"తెలుసు. నా భుజం పట్టుకో."

వెనక నుంచి శంకరవ్వ కేకేసింది. "ఓ సదువుకున్నమ్మా! తానం జెయ్యకుండ మళ్ల నల్లా ముట్టేవు!"

"నీళ్లకు వస్తా. ఇష్టం లేకపోతే నువ్వే పక్కకు జరుగు," అంది బాలలక్ష్మి.

దవాఖానలో బిడ్డను నర్సుకిచ్చి, డాక్టరు గడ్డ కోస్తుంటే బాలలక్ష్మి దేవవ్వ చేతులు పట్టుకొని నిలబడింది. పళ్లెంలోకి కారినదాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది. బయటికి పరుగెత్తి వాంతి చేసుకొని, నోరు కడుక్కొని మళ్లీ వచ్చి చేతులు పట్టుకుంది.

కట్టు కట్టాక, రెండో రొమ్ముకు బిడ్డను పట్టించవచ్చని డాక్టరు చెప్పాడు. దేవవ్వ బెంచీ మీద కూర్చుంది. బాలలక్ష్మి పక్కన ఆనుకొని కూర్చుంది.

"వాసనొస్తున్నదా అమ్మా?" అని దేవవ్వ మెల్లగా అడిగింది.

"వస్తోంది," అంది బాలలక్ష్మి. "ఇటు జరుగు. పిల్లవాడి తల కింద చెయ్యి పెడతా."