చర్చి సందులో అద్దె ట్రైలర్

ఆ శనివారం ఉదయం మూతబడిన చర్చి వెనుక సందులో హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు: మొదట తాళంచెవితో వయోలా హేవర్‌క్యాంప్, తరువాత పికప్ బండికి అద్దె ట్రైలర్ తగిలించుకుని ఆమె తమ్ముడు ఆల్విన్, ఆ పిమ్మట, ఎవరూ పిలవకపోయినా, కాఫీ కప్పులతో లీలాండ్ బ్రౌవర్, వర్జిల్ ఓల్ట్‌మన్. నెబ్రాస్కాలోని ఆ పల్లెలో ఎవరైనా ట్రైలర్‌ను వెనక్కి నడుపుతున్నారని తెలిస్తే చాలు, మగవాళ్లు చూడడానికి చేరతారు.

వయోలాకు కావలసింది ఒక్కటే. కాళ్లతో తిత్తులు తొక్కి వాయించే ఆర్గన్ ఒకటి చర్చిలో మిగిలిపోయింది. ఆ ఊరి పెళ్లిళ్లకూ చావులకూ దాన్ని వాయించింది ఆమే. సోమవారం భవనాన్ని కూల్చివేస్తారు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే జిగురుతో అతికించిన ఆ తిత్తులు ఊడిపోతాయి, ఆర్గన్ ఇక పలకదు.

ట్రైలర్‌ను చూసి ఆమె ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకుంది. అంతకుముందు అద్దెకు తీసుకున్న పెద్దమనిషెవరో అందులో పందులను తోలి, కడగకుండానే తిరిగిచ్చాడు. చెక్కల సందుల్లో పెంట ఎండి, పొలుసులు కట్టి ఉంది.

“తెచ్చేముందు నీ ముక్కు పనిచెయ్యలేదా?”

“ఉన్నది ఇదొక్కటే అక్కా. దుప్పటి పరుద్దాంలే.”

ఆల్విన్ బండిని వెనక్కి పోనిచ్చాడు. ట్రైలర్ తలుపు వైపు కాక కంచె వైపు పోయింది.

“ఎడమకి కొట్టు, ఎడమకి!” లీలాండ్ అరిచాడు.

“నీ మొహం! ట్రైలర్ ఎటు పోవాలో స్టీరింగు దానికి ఎదురు తిప్పాలిరా. కుడికి, ఆల్విన్, కుడికి!” అన్నాడు వర్జిల్.

ట్రైలర్ బండికి అడ్డంగా మడతపడి కంచెను గీరింది. ఆల్విన్ ముందుకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెత్తడబ్బా పడింది.

“మా అమ్మయితే ఈపాటికి ట్రైలర్ పెట్టేసి, యాపిల్ కేకు కూడా కాల్చేసేది,” అని వర్జిల్ కాఫీ చప్పరించాడు.

ఈ ఇద్దరికీ చదువు చెప్పింది తానేనని తలుచుకుంటే వయోలాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ముందు ట్రైలర్ కంపే నయమనిపించింది.

“ఆల్విన్, దాన్ని బండి నుంచి విప్పెయ్. ఖాళీదేగా, చేత్తో తోసేద్దాం.”

చర్చిలో బట్టలు విప్పమన్నట్టు చూశారు ఆ ఇద్దరూ.

“అంత మాటనకండి టీచర్,” అన్నాడు లీలాండ్. “విప్పి తోసినోడికి ఊళ్లో మొహమెక్కడ? డెల్బర్ట్ ఒక్కసారి తోశాడు పాపం. మనవడు కూడా పెద్దోడయ్యాడు, అయినా ఊరికి ఆయన ఇప్పటికీ తోపుడు డెల్బర్టే!”

“ఇంకొక్కసారి చూస్తానక్కా,” అన్నాడు ఆల్విన్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“చూడు. తడిసేది నా ఆర్గనేగా, నీ మొహం కాదుగా!”

మొదటి చినుకు ఆమె కళ్లద్దాల మీద పడింది.

ఆల్విన్ ఇంజన్ ఆపాడు. దిగి, ఎవరి వైపూ చూడకుండా, బండి కింద అడ్డంగా తగిలించిన గొలుసులు తీశాడు, పిన్ను లాగాడు, కొండీ ఎత్తాడు.

“ఒరే, వద్దురా! ఇంకో ఛాన్సుంది,” లీలాండ్ నిజంగానే బతిమాలాడు. వర్జిల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సాయానికి ఒక్కడూ కదలలేదు.

అక్కాతమ్ముడూ చెరో పక్క పట్టి తోశారు. పందిపెంట వయోలా అరచేతులకు అంటింది, గోళ్లలోకి దూరింది. ట్రైలర్ తిన్నగా వెళ్లి తలుపు ముందు ఆగింది.

“లీలాండ్. వర్జిల్. కప్పులు కింద పెట్టి ఇటు రండి,” అంది ఆమె, పూర్వం తరగతి గదిలో అన్న గొంతుతో. వాళ్లు వచ్చారు. నలుగురూ కలిసి చక్రాల మీదున్న ఆర్గన్‌ను పలకల మీదుగా ఎక్కించి, టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించేసరికి వాన దంచడం మొదలుపెట్టింది. ఆల్విన్ ఖాళీ పికప్‌ను వెనక్కి తెచ్చి మళ్లీ కొండీ తగిలించాడు.

వయోలా కంపుకొట్టే చేతులు వానలోకి చాపి, సభలో లేచినట్టు నిటారుగా నిలబడింది.

“లీలాండ్ బ్రౌవర్, వర్జిల్ ఓల్ట్‌మన్ సాక్షులుగా చెబుతున్నాను. ఈ ఉదయం ఆల్విన్ హేవర్‌క్యాంప్ మీ ఇద్దరి కళ్లముందు ట్రైలర్‌ను విప్పి చేతులతో తోశారు. ఆర్గన్ తడవలేదు. అందుకు ఆయనకు నా కృతజ్ఞతలు.”